రెండు మిల్లీమీటర్లు

ఒంటిగంట దాటింది, రెండింటికి కరెంటు పోతుంది, ఆలోగా మూడుసార్లన్నా కొలవాలి అనుకుంటూ తారామణి చీకటి గది తలుపు మూసి, నల్ల తెర లాగి, మీట నొక్కింది. గాజుబిళ్ళ నడుమ పెసరగింజకన్నా చిన్న మేర ఆకుపచ్చగా వెలిగింది. నాలుగేళ్ళుగా చూస్తున్న వెలుగే. ఎన్నిసార్లు చూసినా ఆ మొదటి క్షణంలో లోపల ఏదో కదిలేది, ఇవాళ అది కూడా లేదు, మోకాళ్ళు లాగుతున్నాయి, పొద్దున ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచే వచ్చింది. బస్సులు తిరగక ఇరవై రోజులు దాటింది. షేర్ ఆటోలో ఎవరో ఒడిలోకి జరిగి చోటిచ్చినా ఎక్కబుద్ధి కాలేదు, నడుస్తుంటే ఆలోచన రాదనుకుంది, కానీ నడిచిన కొద్దీ అదే ఆలోచన, అదే అంకె. అక్కడ సింగరేణిలో బొగ్గు తవ్వడం ఆగిపోయిందని ఇక్కడ పూటకో రెండు గంటలు కరెంటు తీసేస్తున్నారు, తెలంగాణ కోసం చేస్తున్న ఈ సమ్మె ఎప్పటికి తేలుతుందో ఎవరికీ తెలియదు, ఉప్పల్ డిపో ముందు టెంటులో కూర్చున్న తన మొగుడికీ తెలియదు. కండక్టర్ మహిపాల్ ఇరవై రోజులుగా టికెట్ మిషను ముట్టుకోలేదు, అయినా నిద్రలో బొటనవేలు ఆడిస్తూనే ఉన్నాడు. ఆమె సూక్ష్మదర్శినిని జరిపి, కంటిని అద్దానికి ఆనించి, సన్నటి నిలువు గీతను ఆ పచ్చటి వెలుగు ఎడమ అంచుకి తెచ్చింది. గీత అంచు దాటిపోయింది. ఆగింది. ఊపిరి బిగపట్టి మళ్ళీ తెచ్చింది.

ఆ వెలుగిచ్చే పదార్థం తారామణి చేసిందే. ఇరిడియం అనే బరువైన లోహం, దాని చుట్టూ కర్బనంతో కట్టిన మూడు రెక్కలు, చూడ్డానికి చిటికెడు పసుపు పొడి, సన్నటి పొరగా పరిచి కరెంటు పంపితే ఆకుపచ్చ. సెల్‌ఫోన్ తెరలకి, ముందు ముందు గోడంత టీవీలకి కావలసింది ఇదేనని, తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు ఎవరు రప్పిస్తే వాళ్ళదే పైచేయి అని ఈ పరిశోధన సంస్థలో తన పై అధికారి ఉమామహేశ్వర్ సార్ మొదటి రోజే చెప్పారు. మహిపాల్‌కి చెప్పడానికి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. కరెంటు లోపలికి పోయి నాలుగు ముక్కల బలం పుట్టిస్తుందనుకో, మామూలు రంగులైతే అందులో ఒక్క ముక్కే వెలుగు అవుతుంది, మిగతా మూడూ వేడిగా పోతాయి అంటే, అతను పళ్ళెంలో చెయ్యి ఆపి, "అంటే నలుగురు ఎక్కితే ఒక్కడే టికెట్ తీసుకుంటున్నడు, ముగ్గురు దొంగ పాసింజర్లు" అన్నాడు. "గట్లనే." "మరి మీ లోహం ఏం జేస్తది?" "ఆ ముగ్గురితోని గూడ టికెట్ కొట్టిస్తది." "మస్తు కండక్టరే. మా డిపోకు పంపు." ఎంత నవ్వారో. ఆ తర్వాత చెప్పింది అతనికి ఎక్కలేదు, అసలు తన పని అదే అయినా. ఈ లోహపు అణువులు ఒకదానికొకటి మరీ దగ్గరగా కూర్చుంటే ఒకదాని వెలుగును ఇంకోటి మింగేస్తుంది, అందుకని రెక్కల చివర లావుపాటి గుంపులు తగిలించింది, మోచేతులు చాచి కూర్చున్న మనిషి పక్కకి ఎవరూ ఒరగలేనట్టు. ఏ చివర తగిలించాలి, ఎన్ని తగిలించాలి, ఎక్కువైతే పదార్థం ఆవిరి కాకుండా మాడిపోతుంది, తక్కువైతే లాభం లేదు. పదకొండు రకాలు చేసింది. ఏడోది నిలిచింది. కుడి అంచు దగ్గర అంకె చదివింది. చీటీ మీద రాసుకుంది. ఎడమది తీసేస్తే ఒకటి పాయింట్ ఏడు.

ఒకటి పాయింట్ ఏడు సున్నా మిల్లీమీటర్లు. రెండు ఉండాలి. పొద్దున, గాజుబిళ్ళ మీద దీపం ఎంత వెడల్పు పడాలో తేల్చే చీలిక ఉన్న పలచటి స్టీలు రేకును కొలిచినప్పుడూ ఇదే, రేకు అబద్ధం చెప్పిందేమో, వెలుగు నిజం చెబుతుందేమో అని ఈ గదిలోకి వచ్చింది, వెలుగూ అదే చెబుతోంది. ఇంతేనా అనిపిస్తుంది, గోరు అంచంత తేడా. కానీ మొత్తం లెక్క ఆ అంచు మీదే నిలబడింది. ఎంత మేరలో ఎంత కరెంటు పోతే ఎంత వెలుగు వచ్చింది అన్నదే లెక్క, మేర తక్కువై ఉంటే తను వేసిన అంకె అంత మేరకూ ఎక్కువ వేసినట్టు. యాభై ఎనిమిది. ప్రపంచమంతా కొలబద్దగా వాడే పాత పదార్థం ఈ గదిలోనే, అంతకుముందు రేకుతో, ఒక యాంపియర్ కరెంటుకి యాభై ఒక్క కేండెలాల వెలుగు ఇచ్చింది, తన ఏడోది యాభై ఎనిమిది ఇచ్చింది. ఆ రోజు సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని కాగితం ఇంకోసారి చూశారు, సాయంత్రం రామంతాపూర్ నుంచి వాళ్ళావిడతో బొబ్బట్లు చేయించి పట్టుకొచ్చారు. పోయినేడు వ్యాసం అచ్చయింది. మొదటి పేరు తనది, రెండోది తన దగ్గర పనిచేసే విద్యార్థి శశిధర్‌ది, చివర సార్‌ది. శశిధర్ ఆ అంకె మీదే థీసిస్ కట్టాడు, సోమవారం అతని వైవా, నాగోల్‌లో వాళ్ళ నాన్న, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, అప్పుడే చుట్టాలందరికీ చెప్పుకుంటున్నాడు. ఇప్పుడు సరిచేస్తే యాభై ఎనిమిది కాస్తా నలభై తొమ్మిది. పాతదానికంటే రెండు తక్కువ. నాలుగేళ్ళు పని చేసి, ఉన్నదానికంటే రెండు తక్కువ.

జూలైలో కొత్త రేకు వచ్చింది, సంస్థ ఎప్పుడో ఆర్డరిచ్చి మరిచిపోయిన రేకు, యంత్రంతో కోసింది, అద్దంలా ఉంది. దాంతో వేసిన దీపాలన్నీ నలభై తొమ్మిది, నలభై ఎనిమిది. రేకు మీద ఎవరికీ అనుమానం రాలేదు, పదార్థం శుభ్రంగా లేదనుకున్నారు. తనే అంది ఆ మాట. ఆగస్టులో, అందరి ముందు, శశిధర్‌తో, "నీ చేతుల శుభ్రత లేదు శశీ, మలినం ఉన్నది, మళ్ళ శుద్ధి చెయ్యి."  గాజుగొట్టంలో పొడి పోసి, గాలి తీసేసి, కొలిమిలో పెట్టి ఆవిరి చేసి మళ్ళీ పేరబెట్టడం, ఒక్కోసారికి రెండు రోజులు. మూడుసార్లు చేశాడు. నాలుగోసారి వేడి గొట్టం తగిలి రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి, బర్నాల్ పూసుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ప్రతిసారీ నలభై తొమ్మిదే. "నాకే ఎందుకు గిట్ల అవుతుంది అక్కా" అన్నాడు పోయిన వారం, నవ్వుతూనే అన్నాడు, కళ్ళ కింద నలుపు. తను ఏమంది? చాయ్ తాగుదాం రా అంది, కానీ ఆ మాట వదలకే ఇవాళ పాత రేకు తీసి కొలిచింది. ఆ పొడి మొదటిసారే శుభ్రంగా ఉంది. వాడి చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

రేకు ఒడిలో ఉంది, దూదిలో చుట్టి. చీకట్లో వేలితో తడిమితే అంచు తెలుస్తుంది, ఇప్పటికీ ఒక్క గరుకు లేదు. తండ్రి, తను బాపు అని పిలిచే మనిషి, చేసిన రేకు. రెండేళ్ళ కింద, జూన్‌లో, పాత రేకు వంగిపోయింది, కొత్తది రావాలంటే ఆరు నెలలన్నారు, ఇంటికొచ్చి అన్నం తింటూ ఊరికే చెప్పింది. బాపు, చంద్రయ్య, మోత్కూరు నుంచి పద్దెనిమిదేళ్ళకి నాచారం వచ్చి ముప్పై ఆరేళ్ళు ఫ్యాక్టరీలో పనిముట్లు చేసే టూల్‌రూమ్‌లో ఆకురాయి పట్టిన మనిషి, రిటైరై నాలుగేళ్ళయినా చేతికి లోహం కోసేటప్పుడు పోసే నూనె వాసన పోని మనిషి, "ఎంత మందం రేకు బిడ్డా?" అన్నాడు, అంతే. మర్నాడు పాత స్నేహితుడి షెడ్డుకి వెళ్ళి స్టీలు ముక్క తెచ్చాడు. నాలుగు రోజులు వాకిట్లో పీట వేసుకుని, చెక్కపెట్టెలోంచి సూదంత ఆకురాళ్ళు తీసి, ఒకటి మార్చి ఒకటి, రాసి, ఊది, ఎండకి ఎత్తి చూసి, మళ్ళీ రాసి. అమ్మ విసుక్కుంది. బాపు వినలేదు. సంస్థకి తనే తెచ్చిచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఉమామహేశ్వర్ సార్ లేచి నిలబడి, "చంద్రయ్యగారూ, మా దగ్గరున్న మిషన్లు ఈ పని చెయ్యలేవండీ" అన్నారు, కుర్చీ చూపించారు, బాపు కూర్చోలేదు, రెండు చేతులూ వెనక కట్టుకుని యంత్రాలన్నీ చూసి పోయాడు. ఆ వారమంతా ఇంట్లో ఆ మాటే, "గా సారు కుర్సీ ఏసిండు".

గుమ్మం దగ్గర అన్నాడు ఇంకో మాట. తారామణి దాన్ని ఇన్నాళ్ళూ మరిచిపోలేదు, మరిచిపోయినట్టు పక్కన పెట్టింది, ఈ గదిలో పక్కన పెట్టడానికి చోటు లేదు. "రెండు అన్నవ్, రెండే కొట్టిన. అయినా మీ తాన మిషనుంటది గద, ఒకసారి కొలుసుకో బిడ్డా. నా కండ్లు మునుపటి లెక్క లేవు." ఎడమకంటి శుక్లం, బాపు మాటలో మోతిబిందు, అప్పటికే ముదిరింది, సరోజినీదేవి దవాఖానలో ఆపరేషన్‌కి తారీకు ఇచ్చారు, ఇవాళ రేపు అంటూ వాయిదా వేశాడు. ఆమె నవ్వింది. "నువ్వు కొట్టినంక కొలుసుడేంది బాపూ" అంది. ఎంత ప్రేమగా అంది. ఆ ప్రేమలో బద్ధకం ఎంత, గర్వం ఎంత, పనిమంతుడి కూతుర్నని చెప్పుకోవడం ఎంత, ఇప్పుడు విడదీయడం ఏ కొలిమి వల్లా కాదు. సూక్ష్మదర్శిని అదే బల్ల మీద ఉంది ఆ రోజు కూడా. ఐదు నిమిషాల పని. పుస్తకంలో రెండు మిల్లీమీటర్లు అని రాసింది, ఆ తర్వాత ప్రతి పేజీలో రెండు అనే రాసింది. జనవరిలో బాపు పోయాడు, గుండె, పొద్దున పళ్ళు తోముకుంటూ. పోయేనాటికి యాభై ఎనిమిది వచ్చిందని తెలుసు అతనికి. అదేమిటో తెలియదు, తన రేకుతో వచ్చిందని మాత్రం తెలుసు.

బయట ఎవరో నినాదాలు ఇస్తూ పోతున్నారు, నాచారం చౌరస్తా వైపు, "జై తెలంగాణ" అన్న చివరి మాట ఒక్కటే గోడ దాటి వస్తోంది, తర్వాత డప్పు. మహిపాల్ అక్కడికి వస్తానన్నాడా, ఏమో, పొద్దున సరిగ్గా వినలేదు. క్యాంటీన్‌లో ఈ మధ్య సార్ వస్తే మాటలు ఆగిపోతున్నాయి, ఆయనది గుంటూరు దగ్గర ఊరు, ఆయన గ్లాసు తీసుకుని గదికి వెళ్ళిపోతున్నారు, ఈ నెలాఖరుకి రిటైరవుతారు, ఆ తర్వాత ఈ గది ఎవరిదో. ఎవరికి తెలుస్తుంది అసలు. ఈ రేకు బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే వంగుతుంది, వంగిన రేకును తుక్కులో వేస్తారు, పాత దీపాలు ఎలాగూ రేపో మాపో ఆరిపోతాయి, ఇదొక్కటే మిగిలింది. వ్యాసం అచ్చయిపోయింది. సోమవారం శశిధర్ డాక్టరవుతాడు. సార్ దండలు వేయించుకుని వెళ్ళిపోతారు. కొత్త దీపాలు నలభై తొమ్మిదే ఇస్తే, శశిధర్ శుద్ధి చేయలేకపోయాడు, అంతే. అంతే అని అనుకుని ఆమె అక్కడే ఆగిపోయింది. వాడు ఇంకో చోట ఉద్యోగంలో చేరతాడు, అక్కడా కొలిమి ముందు కూర్చుంటాడు, ఏది తప్పినా తన చేతుల్లోనే ఏదో ఉందనుకుంటాడు, జీవితాంతం కడుక్కుంటూనే ఉంటాడు. బాపుకి కోపం వచ్చేది ఒక్కదానికే. ఒకడు పాడుచేసిన పనికి ఇంకొకడు మాట పడితే, టూల్‌రూమ్‌లో ఫోర్‌మన్ ముందుకైనా పోయేవాడు. బాపు పేరు చెప్పుకుని బాపు ఒప్పని పని చేయడమా. కానీ రేకు తప్పని రాస్తే అది బాపు చేతి తప్పు కాదా. అతనే చెప్పాడు కదా కొలుచుకోమని. చెప్పాడు. అందరిలోకీ తనకి ఒక్కదానికే చెప్పాడు, తను తప్ప ఎవరూ వినలేదు.

ఇంకోసారి. ఎడమ అంచు. ఇరవై నాలుగు పాయింట్ ఒకటి ఆరు. కన్ను నీళ్ళు కమ్మి గీత రెండుగా కనిపించింది, తుడుచుకుంది, కొంగు ఎసిటోన్ వాసన. కుడి అంచు. గీత వెలుగు మీదుగా జరుగుతోంది, మెల్లగా, ఆ కాస్త దూరం ఎంతసేపటికీ అవ్వనట్టు జరుగుతోంది, నాలుగేళ్ళు ఇంత మేరలోనే తిరిగింది తను. రెండోసారీ ఒకటి పాయింట్ ఏడే. మూడోసారి ఎడమ అంచు దగ్గర ఉండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆగి ఆగి ఎక్కే అడుగులు, తలుపు మీద రెండు వేళ్ళ తట్టు, అదే క్షణంలో ఆకుపచ్చ ఆరిపోయింది. రెండయింది. ఫ్యాన్లు, పంపులు, గోడ అవతల ఫ్రిజ్ మోత, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఏమ్మా, చీకట్లో కూర్చున్నావు? శశిధర్ ఫారం మీద సంతకం పెట్టాలన్నావని వచ్చాను," అన్నారు ఉమామహేశ్వర్ సార్, తలుపు కొంచెం తీసి. స్కూటర్ మీద వస్తుంటే హబ్సిగూడ దగ్గర ఉద్యమకారులు ఆపేశారట, చుట్టూ తిరిగి వచ్చారట, ఆయాసం ఇంకా తగ్గలేదు.

"సార్, యాభై ఎనిమిది తప్పు సార్."

ఆయన లోపలికి వచ్చారు. స్టూలు తడుముకుని కూర్చున్న చప్పుడు. "ఎంత?"

"నలభై తొమ్మిది."

"ఎన్నిసార్లు కొలిచావు?"

"రేకు మూడుసార్లు. వెలుగు రెండుసార్లు. మూడోది చూస్తుంటే కరెంటు పోయింది."  చెప్పేసింది, రేకు సంగతి, ఒకటి పాయింట్ ఏడు సంగతి, జూలై నుంచి శశిధర్‌ని అనవసరంగా ఏడిపించిన సంగతి. బాపు గుమ్మం దగ్గర అన్న మాట కూడా చెప్పింది, చెప్పాలనుకోలేదు, వచ్చేసింది. చీకట్లో ఆయన ముఖం కనిపించకపోవడం మంచిదయింది. 

"ముప్పై నాలుగేళ్ళ సర్వీసు," అన్నారు సార్. "ఎవరు ఏ అంకె తెచ్చినా మొదట అడిగేది, మేర ఎంత, ఎలా కొలిచావు అని. నిన్ను అడగలేదు. ఎందుకడగలేదో తెలుసా? ఆ అంకె నాకు నచ్చింది." స్టూలు ముందుకు జరుపుకున్నారు. "పొరలో మన పదార్థం పాళ్ళు పెంచినా వెలుగు తగ్గలేదని రాశాం కదా. అది నిలుస్తుందా?"

"నిలుస్తది సార్. అవన్నీ ఒకే రేకుతోని వేసినవి. ఒకదాంతో ఒకటి పోలిస్తే నిజమే."

"అది చాలుతుందా?"

"చాలదు సార్. కానీ అంతవరకు నిజం."

ఆయన లేచి తలుపు బార్లా తెరిచారు. వసారాలోంచి వచ్చిన వెలుతురు తెల్లగా, మొరటుగా కళ్ళలో పడింది. ఆయన ఇంకాస్త ముసలివాడైనట్టున్నారు, లేదా ఇన్నాళ్ళూ తను సరిగ్గా చూడలేదు. "పత్రికకి ఉత్తరం రాయి. యూనివర్సిటీకి నేను రాస్తాను. వైవా ఆగుతుంది, పట్టికలు దిద్దుకుని మళ్ళీ పెట్టుకోవాలి, ఆరు నెలలో ఎంతో. ఆ కుర్రాడితో నేను చెప్పనా?"

"వద్దు సార్. నేనే చెప్త."

"రేకు ఎవరు చేశారో ఉత్తరంలో అక్కర్లేదమ్మా."

"రాయను సార్. కొలవాల్సింది నేను, కొలవలేదు, గదే రాస్త."

కిటికీ దగ్గరి బల్ల మీద కాగితం పెట్టుకుని చేత్తోనే మొదలుపెట్టింది, కరెంటు లేక కంప్యూటర్ పనిచేయదు కదా. మూడు వాక్యాలు రాసింది, రెండు కొట్టేసింది, అంకె రావలసిన చోట ఖాళీ వదిలింది. ఫోన్ చేస్తే శశిధర్ గేటు దగ్గరే ఉన్నాడు, రెండు నిమిషాల్లో పైకి వచ్చాడు, వేళ్ళకి ఇంకా పట్టీ. నిలబడే విన్నాడు. మధ్యలో ఒక్కసారి "సోమవారం" అన్నాడు, అది ప్రశ్నో ఏమో తెలియలేదు. తర్వాత కిటికీ వైపు తిరిగి అవతల ఫ్యాక్టరీ గోడ చూస్తూ ఉండిపోయాడు. తిడతాడేమో అనుకుంది, తిడితే బాగుండుననుకుంది.

"అంటే నా పొడి మంచిదే," అన్నాడు అటు తిరిగే.

"మొదటిసారే మంచిగున్నది శశీ. నేనే తప్పు."

"మూడు నెలలు అక్కా." ఇటు తిరిగాడు. "మా బాపుకు ఏం చెప్పాలె నేను? నాకు చేతగాదనే అనుకున్న. ఇడిసిపెట్టి పోదామనుకున్న."

 క్షమించు అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది, అది కూడా అతని దగ్గర ఏదో అడుగుతున్నట్టే అనిపించి ఆగింది. అతను ముఖం తుడుచుకుని చేయి చాచాడు. "గా రేకు ఇయ్యి. నేను గూడ సూస్త."

సూక్ష్మదర్శినిని కిటికీ ముందుకి ఇద్దరూ కలిసి మోశారు, పగటి వెలుతురు చాలు దానికి. అతను వంగి, పట్టీ ఉన్న వేళ్ళతో మర మెల్లగా తిప్పాడు, ఎంతసేపో తిప్పాడు. ఆమె పక్కన నిలబడి పెన్ను పట్టుకుంది. రెండు అంకెలు చదివాడు, ఆమె రాసుకుంది. "ఒకటి పాయింట్ ఏడు రెండు," అన్నాడు. "నీకు ఏడు సున్నా వచ్చింది." నోటిలోనే గుణించుకున్నాడు, పెదాలు కదిలాయి. "నాదాంతో పెడితే నలభై తొమ్మిది పాయింట్ తొమ్మిది అక్కా." తలెత్తి చూశాడు. అలిసిన ముఖం మీద నవ్వులాంటిదేదో వచ్చి నిలవలేక పోయింది. "యాభై అని రాస్తే ఎవడన్న కాదంటడా?"

"అనరు," అంది తారామణి.

అతని అంకె కింద అతని పేరు, తన అంకె కింద తన పేరు రాసింది. ఉత్తరంలో ఖాళీ వదిలిన చోట నలభై తొమ్మిది అని నింపి, కాగితం సంతకానికి అతని వైపు జరిపింది.